తాళపుచెవి తిరస్కార ఘట్టం: టీకాతాత్పర్య సహితం

అవతారిక

ఉబుంటూ లినక్స్ ఉన్న డెస్క్‌టాప్‌లో కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించాను. డ్రైవర్ ఎక్కించి, రీబూట్ కొట్టి, కాసేపు అవతలికి వెళ్లి వచ్చాను. వచ్చి చూస్తే ఐకాన్లు ఒక్కొక్కటి గారెంత ఉన్నాయి. కార్డు మీది ఫ్యాన్ మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. డ్రైవర్‌ను చేత్తోనే లోపలికి తోద్దామని టెర్మినల్ తెరిచి ఆజ్ఞాపించాను. అప్పుడు వెలువడింది ఈ మూలం. కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మెదక్ దగ్గరి కొల్చారం వాడు. అలాంటి నేల మీద పుట్టి ఒక ఎర్రర్‌కు టీక రాయలేమా అని పూనుకున్నాను.

మూలం

మోడ్‌ప్రోబ్: ఎర్రర్: కుడ్ నాట్ ఇన్సర్ట్ 'ఎన్‌విడియా': కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్

ప్రతిపదార్థం

మోడ్‌ప్రోబ్ = మాడ్యూళ్లను వెదకి తెచ్చి కెర్నెలునకు సమర్పించు దూత; ఎర్రర్ = దోషము; 'ఎన్‌విడియా' = అసూయ యను అర్థము గల లాటిను పదమునుండి పేరు పొందిన సంస్థవారి డ్రైవరును; ఇన్సర్ట్ = లోపల చేర్చుటకు; కుడ్ నాట్ = శక్తుడను కానైతిని; సర్వీస్ బై = సేవ చేత; కీ = తాళపుచెవి; రిజెక్టెడ్ వాజ్ = తిరస్కరింపబడెను.

తాత్పర్యం

అసూయను లోపలికి చేర్చ యత్నించి విఫలుడనైతిని. ఏలయన, సేవ తాళపుచెవిని త్రోసిపుచ్చెను.

ఈ తాత్పర్యంలో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. ఎందుకూ పనికిరాదు.

విశేషాలు

కర్త ఎవరు? కర్మణి ప్రయోగం ఇంట్లో ఎవరూ మాట్లాడరు. 'బడు' ధాతువు వినబడిందంటే ఎదురుగా ఆఫీసు నోటీసు ఉన్నట్టే. ఇక్కడా అంతే. నిజానికి కెర్నెల్ ఈ వాక్యం పలకనే లేదు. అది పలికింది 129 అనే అంకె. ఆ అంకెకు సీ లైబ్రరీ తన దగ్గరున్న పట్టిక చూసి ఈ వాక్యం తగిలించింది. ఆ వాక్యం గ్రాఫిక్స్ డ్రైవర్ల కోసం రాసింది కాదు, తాళపుచెవుల తగాదాలన్నిటికీ కలిపి రాసింది. కనుక "సర్వీస్" ఎవరా అని సిస్టమ్‌డీ సర్వీసుల జాబితా అంతా గాలించేవారికి ఏమీ దొరకదు. నేను ఇరవై నిమిషాలు గాలించాను. ఇక్కడ సర్వీస్ అంటే కెర్నెలే.

కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టం నడిబొడ్డు; ఇంగ్లీషులో ఆ మాటకు టెంకలోని జీడి అని అర్థం. చుట్టూ ఉన్న టెంక సెక్యూర్ బూట్, అంటే సంతకం చూశాకే లోపలికి వదిలే కాపలా. కంప్యూటర్‌ను లేపే ఫర్మ్‌వేర్‌కు సంబంధించిన యూఈఎఫ్ఐ నిర్దేశాల్లో 2011 నాటికి చేరి, 2012లో విండోస్ 8 కంప్యూటర్లతో ఊరూరా వ్యాపించింది. అది మేలుకొని ఉన్నంతసేపూ ఉబుంటూ కెర్నెల్ తాను నమ్మిన సంతకం లేని మాడ్యూలును లోపలికి రానివ్వదు.

మరి నా మాడ్యూలుకు సంతకం లేదా? ఉంది! డీకేఎంఎస్ అనే గుమస్తా ఉన్నాడు. కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా, దాని హెడర్లు దొరికితే, మాడ్యూలును మళ్లీ కట్టి, ఈ యంత్రంలోనే పుట్టిన తాళపుచెవితో సంతకం పెట్టి ఇస్తాడు. చెక్కు మీద సంతకం చక్కగానే ఉంది, బ్యాంకులోనే నమూనా సంతకం లేదు. గొడవంతా ఇదే. డీమెస్గ్‌లో చూస్తే ఈ ముక్క కనిపిస్తుంది: అందుబాటులో లేని తాళపుచెవి గల మాడ్యూలును తిరస్కరించామని. డీమెస్గ్ అంటే కెర్నెల్ తన మాటకు తానే రాసుకునే స్వోపజ్ఞ వ్యాఖ్య. అది చదవకుండా మూలం మీద పడి కొట్టుకునేవాడు నాలాంటి వ్యాఖ్యాత.

పాఠాంతరాలు

పాత కెర్నెల్ ప్రతులలో ఇదే చోట "రిక్వైర్డ్ కీ నాట్ అవైలబుల్" అని, 126వ అంకెతో ఉంది. ఆ పాఠమే మేలని నా అభిప్రాయం. "లేదు" అన్నవాడి దగ్గరికి తెచ్చి ఇవ్వగలం, "పో" అన్నవాడితో ఏం చేస్తాం?

"ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" అని కనిపిస్తే అది వేరే ఘట్టం: మాడ్యూలు ఒక కెర్నెలుకు కుట్టిన చొక్కా, ఒంటి మీద ఉన్నది మరో కెర్నెల్. "నో సచ్ డివైస్" అన్నది చాలామందిని ఏడిపించింది. కార్డు కళ్లెదుట వెలుగుతుంటే అలాంటి పరికరమే లేదంటుంది. తరచుగా అక్కడ జరిగేదేమంటే, నూవో అనే బయటి ఔత్సాహికుల డ్రైవర్ ముందే వచ్చి కార్డును పట్టుకుని కూర్చుంటుంది. నూవో అంటే ఫ్రెంచిలో కొత్త అని అర్థం. 2010లో 2.6.33 కెర్నెలుతో చేరిన ఈ కొత్తను ఖాళీ చేయించడానికి మోడ్‌ప్రోబ్ ఫోల్డరులో బ్లాక్‌లిస్టు రాసి, బూట్ తొలిఘడియల్లో వాడే ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్‌ను మళ్లీ కట్టాలి. ఆ రెండోది మరిచిపోతే రీబూట్ కాగానే అదే ముఖం.

మైల విచారం

మూలంలో లేకపోయినా డీమెస్గ్‌లో "టెయింటింగ్ కెర్నెల్" అని ఒక మాట వస్తుంటుంది. కళంకం, కాలుష్యం అని నిఘంటువుల్లో ఉన్నాయి గానీ దీనికి సరైన తెలుగు మైల. బహిరంగం కాని మాడ్యూలు చేరితే 'పీ' మైల, కెర్నెల్ వృక్షం బయట పుట్టినది చేరితే 'ఓ' మైల, సంతకం సరిపడనిది చేరితే 'ఈ' మైల. తర్వాత ఆ మాడ్యూలును బయటికి పంపేసినా మైల పోదు. రీబూట్ అనే తలస్నానం అయితేనే పోతుంది. మైలలో ఉన్న కెర్నెల్ గురించి ఫిర్యాదు తెస్తే పెద్దలు దగ్గరికి రానివ్వరు.

ఆ పెద్దల్లో పెద్ద, లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో ఎన్‌విడియాను ఉద్దేశించి నాట్యశాస్త్రంలో లేని హస్తముద్ర ఒకటి పట్టాడు. పదేళ్లకు, 2022 మేలో, ఆ సంస్థ తన కెర్నెల్ మాడ్యూళ్ల మూలాన్ని బయటపెట్టింది. ఆ మాడ్యూళ్లు వాడేవారికి 'పీ' మైల తప్పింది. 'ఓ' ఉంది. సంతకం బాధ అలాగే ఉంది.

పూర్వపక్షాలు

ఆపి మళ్లీ వేస్తే సరి అని ఒక మతం. ఖండించనక్కర్లేదు, నేను నాలుగుసార్లు చేశాను. డ్రైవర్ పీకి మళ్లీ పెట్టాలని రెండో మతం. అదే సంతకంతో ఇంకో చెక్కు రాయడం అది. సెక్యూర్ బూటే ఆపేయమని మూడోది. ఇది నిజంగా పనిచేస్తుంది, అదే దీని ప్రమాదం. పక్కనే బిట్‌లాకర్ వేసిన విండోస్ ఉంటే, అది ఉలిక్కిపడి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఒక కీ తప్పించుకోబోతే ఇంకో కీ.

సిద్ధాంతం

నమూనా సంతకం నమోదు చేయాలి. దాని పేరు మోక్, అంటే యంత్రపు యజమాని తాళపుచెవి. డ్రైవర్ ఎక్కేటప్పుడే ఉబుంటూ 8 నుంచి 16 అక్షరాల సంకేతపదం అడిగింది. చదవకుండా ఏదో కొట్టాను. ఆ తర్వాతి రీబూట్‌లో, ఉబుంటూ లేవకముందే, నీలి తెర వస్తుంది: మోక్ పని చూసుకోవాలంటే ఏదైనా కీ నొక్కు. పది సెకన్లు లెక్కపెడుతుంది. ఎవరూ నొక్కకపోతే తన దారిన తాను పోతుంది. ఆ పది సెకన్లు నేను వంటింట్లో ఉన్నాను. పాలు పొంగుతున్నాయి.

ఇక్కడ శ్లేష. తాళపుచెవి అనే కీని ఒప్పించడానికి కీబోర్డు మీది కీ నొక్కాలి. ఊరికే పెట్టిన నిబంధన కాదిది. రూట్ అధికారం చిక్కిన దొంగ ప్రోగ్రాం ఏ ఆజ్ఞనైనా ఇవ్వగలదు, నమోదుకు దరఖాస్తు కూడా పెట్టగలదు. కానీ ఆపరేటింగ్ సిస్టం లేవకముందు, యంత్రం ఎదుట కూర్చుని, వేలితో కీ నొక్కలేదు. రూట్ కంటే యజమాని పెద్దవాడనడానికి ఈ యంత్రం అడిగే సాక్ష్యం ఒక్కటే, మనిషి ఎదురుగా ఉండటం.

మాడ్యూలు ఫైలు పేరు చివరనున్న '.కో' కూడా ఇదే చెబుతోందని నా అనుమానం. కెర్నెల్ ఆబ్జెక్ట్‌కు అది పొడి పేరని ఇంగ్లీషు వ్యాఖ్యాతలు అంటారు. తెలుగువాడికి అది తనకోసం తానే చేయాల్సిన పనిని చెప్పే 'కొను' ధాతువు: చేసుకో, పెట్టుకో, తిట్టుకో.

ఉత్తర ఘట్టం

మోక్‌యుటిల్ అనే పనిముట్టుతో మోక్ నమోదుకు మళ్లీ దరఖాస్తు పెట్టాను. ఈసారి సంకేతపదం పాలప్యాకెట్ మీద రాసిపెట్టుకున్నాను. స్టవ్ ఆపి, కుర్చీలో కదలకుండా కూర్చుని రీబూట్ కొట్టాను. నీలి తెర రాగానే స్పేస్‌బార్ మీద గుద్దాను. ఎన్‌రోల్ మోక్, కంటిన్యూ, ఎస్, సంకేతపదం, రీబూట్. గారెలు మళ్లీ ఆవగింజలయ్యాయి. టెర్మినల్‌లో పాత ఆజ్ఞే ఇంకోసారి ఇచ్చాను.

మూలం: ఏమీ రాలేదు.

ప్రతిపదార్థం: అక్కర్లేదు.

పాలు మాత్రం మళ్లీ తెచ్చుకోవాల్సి వచ్చింది.