నేను సిమెంటు అచ్చుని

గ్యాలరీ గోడ మీద మీరు చూసేది నన్ను కాదు, నా మీద పుట్టిన కాగితాన్ని. 1970ల తొలినాళ్లలో, శాంతినికేతన్‌లో కళాకారుడు సోమనాథ్ హోర్ చేసిన ‘గాయాలు’ వరసకు అచ్చుగా పనికొచ్చినవాటిలో నేనొకదాన్ని.

ఆయన కత్తి పెట్టింది నా మీద కాదు, మెత్తటి మట్టిపలక మీద. ఒకచోట నిలువునా కోశారు. ఒకచోట పొడిచి మొన తిప్పారు. అంచున మట్టి పొరలా పైకి లేచింది. ఆ పలక మీద నన్ను పోతపోశారు. అక్కడి లోతు నాలో ఎత్తయింది. అందుకే నన్ను తడిమితే గాయాలు తగలవు, గట్లు తగులుతాయి. నానిన కాగితపు గుజ్జు నా మీద పరిచి, అదిమి, ఆరాక ఒలిస్తే, మట్టిలో పడ్డ కోత మళ్లీ కోతలాగే వచ్చింది, లేచిన అంచుతో సహా.

రంగు వేస్తారేమో, కనీసం కాస్త ఎరుపు పూస్తారేమో అనుకున్నాను. వెయ్యలేదు. తెలుపు మీద తెలుపే. మంచిదే అయింది. నెత్తురు కనిపిస్తే జనం మొహం తిప్పుకుని పోతారు.

ఆ చేతికి గాయాలు కొత్త కాదు. 1921లో చిట్టగాంగ్ ప్రాంతంలో పుట్టిన మనిషి. 1943 బెంగాల్ కరువులో లక్షలమంది తిండిలేక చనిపోతుంటే ఆ ఆకలి బొమ్మలు గీశారు. కమ్యూనిస్టు పార్టీ పత్రిక వేసింది. 1946లో, పంటలో మూడింట రెండు వంతులు పాలికి దున్నే రైతుకే దక్కాలన్న తెభాగా పోరాటాన్ని చూసి డైరీ రాశారు, బొమ్మలూ గీశారు. వాటిలో డొక్కలు, కళ్లు, చేతులు ఉన్నాయి. నా దగ్గరికొచ్చేసరికి మనిషి పోయి గాయం ఒక్కటే మిగిలింది. వియత్నాం యుద్ధం, కలకత్తా వీధుల్లో నక్సల్ కుర్రాళ్లు చంపడం, చావడం, ఆయన పుట్టిన గడ్డ మీదే 1971లో యుద్ధం... ఎవరి మొహమని గీస్తారు?

ఆయనే వియత్నాం కోసం తల్లీబిడ్డల పెద్ద కంచు విగ్రహం చేస్తే, 1977లో పూర్తవుతూనే దొంగలెత్తుకుపోయారు. కంచుకు ధర ఉంది మరి. సిమెంటు పలకకు ఆ భయం లేదు.

ఆయన 2006లో పోయారు. కాగితాలున్నాయి. ఎప్పుడైనా చూడ్డానికి వెళ్తే, దీపం పక్కనుంచి పెట్టమని అడగండి. ఎదురుగా పెడితే ఖాళీ కాగితమే కనిపిస్తుంది.