పొట్టిలాగు పద్యం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

మా అబ్బాయి కాపురం హ్యూస్టన్‌లో. అక్కడికి కారులో గంట దూరాన గాల్వెస్టన్ అని ఒక దీవి ఉంది. దాని రేవులో ఎక్కితే ఓడ మెక్సికో వైపు తీసుకుపోయి, కోజుమెల్ లాంటి ఊళ్ళు చూపించి, ఏడు రాత్రుల తర్వాత ఎక్కించిన చోటే దింపుతుంది. ముప్పై ఏళ్ళు కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన నన్నూ, మా ఆవిడనూ ఆ ఓడ ఎక్కించారు. సంతోషమే. మొదటి రాత్రి గదిలో మంచం మీద ఒక కాగితం కనబడింది. మర్నాడు ఏ వేళకు ఎక్కడ ఏమిటో అంతా అందులో ఉంది. ఒక మూల మాత్రం చిన్న అక్షరాలతో, సాయంత్రం దుస్తులు: క్యాజువల్.

“అంటే ఏం కట్టుకోవాలండీ?” అంది మా ఆవిడ.

ఇంట్లో కట్టుకునేవా, బజారుకు కట్టుకునేవా, పేరంటానికి కట్టుకునేవా? అబ్బాయిని అడిగితే “ఏదైనా పర్లేదమ్మా” అన్నాడు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కట్నం సంగతి “మీ ఇష్టం” అన్నప్పుడు పుట్టే భయమే నాకప్పుడు పుట్టింది. సూత్రం చిన్నదైన కొద్దీ భాష్యం పెద్దది కావాలి. అందుకని ఓడ కంపెనీల నియమాలు అబ్బాయి ఫోనులో చదివి, వాటి సారాన్ని బాల్కనీలో కూర్చుని ఒక ఆటవెలదిలో ఇమిడ్చాను. మనవడికి చదివి వినిపిస్తే అర్థం కాలేదన్నాడు. ఇక వ్యాఖ్య తప్పలేదు. మూలంలో లేనిది రాయనని మెదక్ సీమవాడు, వ్యాఖ్యాత కొలిచెలమ మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. నేను పెట్టుకోలేదు.

మూలం

ఓడ విందు కేగు నుత్తమ పురుషుడు
పొట్టి లాగు వేసి పోవరాదు
చేయి లేని చొక్క, చెప్పు హవాయిది
విడిచి రమ్ము గదిని విందు వేళ

ప్రతిపదార్థం

ఓడ విందుకున్ = ఓడలో రాత్రి పెట్టే భోజనానికి; ఏగు = వెళ్ళే; ఉత్తమ పురుషుడు = పెద్దమనిషి; పొట్టి లాగు = మోకాళ్ళు దాటని నిక్కరు; వేసి = తొడుక్కుని; పోవరాదు = వెళ్ళకూడదు; చేయి లేని చొక్క = బనీను వంటిది; హవాయిది చెప్పు = బొటనవేలి దగ్గర పట్టీ ఉండి, నడిస్తే టపటపలాడే రబ్బరు చెప్పు; విందు వేళ = భోజన సమయంలో; గదిని = గదిలోనే; విడిచి = వదిలిపెట్టి; రమ్ము = రావలసింది.

ఛందస్సు సరిగ్గానే ఉంది, వేళ్ళ మీద లెక్క పెట్టుకోండి. ‘ఏగునుత్తమ’ అన్నచోట నుగాగమ సంధి. ఉకారంతో ముగిసే తద్ధర్మార్థక విశేషణానికి అచ్చు పరమైతే నకారం వచ్చి చేరుతుంది. పిలవని పేరంటం కాదు, వ్యాకరణమే పిలిచింది. ఇక రెండో పాదంలో ‘పోవరాదు’ అని ఎవరినో ఉద్దేశించి, నాలుగో పాదంలో ‘రమ్ము’ అని ఎదుటివాణ్ణే పిలవడం ప్రక్రమభంగ దోషం. ఒప్పుకుంటున్నాను. యతి కోసం పడ్డ పాట్లు మీకేం తెలుసు.

వ్యాఖ్య

విందు. ఓడలో అన్నం దొరికే చోట్లు ముఖ్యంగా రెండు. పై డెక్కు మీద బఫే. అక్కడ తడి బట్టలతో, ఉత్త కాళ్ళతో రాకపోతే చాలు, మనిషిని చూసి ఎవరూ ఏమీ అనరు. కింద పెద్ద భోజనశాల. అక్కడ గుడ్డ పరిచిన బల్లలు, వరసగా మూడు ఫోర్కులు, వారమంతా మన బల్లకు అదే వెయిటరు. పద్యం ఈ రెండో చోటికే వర్తిస్తుంది. కాబట్టి పొట్టిలాగు విడవనని పట్టుపట్టేవాడు ఆకలితో చావడు, లిఫ్టెక్కి బఫేకి పోతాడు. ‘విందు వేళ’ అనడంలో ఉద్దేశం కూడా గమనించాలి. అదే భోజనశాలలో పొద్దున టిఫినుకు అదే పొట్టిలాగుతో కూర్చుంటే అభ్యంతరం లేదు. దోషం గుడ్డలో లేదు, గడియారంలో ఉంది. మనకు మడి కూడా ఇలాంటిదే గనుక మా ఆవిడకు ఈ సంగతి వెంటనే బోధపడింది.

ఉత్తమ పురుషుడు. వ్యాకరణంలో ఉత్తమ పురుష అంటే ‘నేను’. నన్ను నేను పెద్దమనిషినని చెప్పుకోవడానికి కవికి దొరికిన సందు ఇది. మరి స్త్రీల మాటేమిటని అడిగితే, నియమాలన్నీ మగవాణ్ణి దృష్టిలో పెట్టుకునే పుట్టాయి. చేతుల్లేని జాకెట్టుతో ఆవిడ రావచ్చు, చేతుల్లేని చొక్కాతో ఆయన రాకూడదు. చీర అయితే ఏ రాత్రికైనా చెల్లుతుంది. అందరూ బాగా ముస్తాబై రావాల్సిన ఫార్మల్ రాత్రి ఓడ ఫొటోగ్రాఫర్లు మెట్ల దగ్గర తెరలు కట్టి, వచ్చేపోయేవాళ్ళను నిలబెట్టి ఫొటోలు తీసి మర్నాడు అమ్ముతారు. మా ఆవిడ పోచంపల్లి పట్టుచీరలో వస్తే మేం అడక్కుండానే నాలుగు తీశారు. పక్కన నేనున్నవి రెండు. ఆ రెండూ కొనలేదు.

పొట్టి లాగు. మా వైపు లాగు అంటే ప్యాంటూ కావచ్చు, నిక్కరూ కావచ్చు. అందుకే ‘పొట్టి’ వేయాల్సి వచ్చింది, పాదపూరణం కోసం కాదు. ఇక్కడ పాఠాంతరం ఉంది. కార్నివాల్ వారి పాఠంలో క్యాజువల్ రాత్రుల్లో నీటైన పొడుగు షార్ట్స్ చెల్లుతాయి, ఎలిగెంట్ రాత్రుల్లో, అంటే వాళ్ళ ఫార్మల్ రాత్రుల్లో, చెల్లవు. రాయల్ కరీబియన్ వారి పాఠంలో షార్ట్స్ పగటి భోజనాలకే. ఏ ఓడ ఎక్కితే ఆ పాఠమే ప్రమాణం. ప్యాంటు వేసుకుంటే మాత్రం అన్ని ప్రతుల్లోనూ గట్టెక్కుతాం.

చెప్పు హవాయిది. హవాయి దీవుల చుట్టూ తిరిగే ఓడ ఒకటుంది, పేరు ప్రైడ్ ఆఫ్ అమెరికా. హొనొలులులో బయల్దేరి వారం తిరిగి మళ్ళీ హొనొలులుకే వస్తుంది. హవాయిలోనే తిరిగే ఆ ఓడ కంపెనీ కూడా పెద్ద భోజనశాలకు హవాయి చెప్పు వద్దనే అంటుంది. దీన్ని విరోధాభాసం అనాలా, ఉత్త విరోధం అనాలా అన్నది తేల్చలేకపోయాను.

విడిచి రమ్ము గదిని. ఇక్కడే ఆక్షేపాలన్నీ. “చెప్పులు విడిచి రమ్మంటే గుడికి వెళ్ళినట్టు బయట వదిలేయాలా తాతా?” అని మనవడు. “లాగూ చొక్కా చెప్పులూ అన్నీ విడిచి రమ్మంటే ఇక మిగిలేదేమిటి నాన్నా?” అని అబ్బాయి. సమాధానం: విడిచి, వేరేవి తొడుక్కుని అని అధ్యాహారం చేసుకోవాలి. పద్యంలో చోటు చాలకపోతే బట్టలు మానేయరు.

ఇంతకీ క్యాజువల్ అంటే ఏమిటో పద్యం చెప్పలేదు. వద్దన్నవి చెప్పి ఊరుకుంది. నేతి నేతి అని బ్రహ్మాన్ని చెప్పినట్టు. ఓడల వాళ్ళూ అంతే చేస్తారు. క్యాజువల్, స్మార్ట్ క్యాజువల్, రిసార్ట్ క్యాజువల్ అని పర్యాయపదాలు మాత్రం అమరకోశంలా పెంచుకుంటూ పోయారు. ఓషియానియా వారిది కంట్రీ క్లబ్ క్యాజువల్. జీవితంలో కంట్రీ క్లబ్బు గడప తొక్కని వాడికి ఉపమానమే ఉపమేయం కన్నా కష్టం. నార్వీజియన్ కంపెనీ 2000లో ఫ్రీస్టైల్ అని ఒక పద్ధతి పెట్టింది. ఫలానా వేళ, ఫలానా బల్ల, ఫలానా బట్ట అన్న పట్టింపు అక్కడ సడలింది. క్యూనార్డ్ వారు ఇప్పటికీ గాలా రాత్రులు జరిపి నల్ల కోటు, బో టై వైపే మొగ్గుతారు. అందులో ఎక్కేవాళ్ళు ఆ ముచ్చట కోసమే ఎక్కుతారు గనుక అదీ న్యాయమే.

ఆ నల్ల కోటు చరిత్ర కాస్త చెప్పాలి, ఎందుకంటే క్యాజువల్ అన్న మాట గుట్టు అందులోనే ఉంది. లండన్ సావిల్ రోలో హెన్రీ పూల్ అనే దర్జీల దుకాణం ఉంది. 1865లో వేల్స్ యువరాజుకు, అంటే తర్వాత ఏడో ఎడ్వర్డ్ అయినాయనకు, వెనక తోకలు లేని పొట్టి కోటు కుట్టామని వాళ్ళు చెప్పుకుంటారు. తోకల కోటు తొడుక్కుని తినీతినీ విసిగి, నలుగురు దగ్గరివాళ్ళతో తినేటప్పుడు సుఖంగా ఉంటుందని ఆయన కుట్టించుకున్నాడు. 1886 నాటికి అది న్యూయార్క్ దగ్గరి టక్సీడో పార్కుకు చేరింది. అమెరికాలో దానికి పేరు అక్కడే పడింది. అంటే ఇవాళ ఫార్మల్ రాత్రికి అద్దెకు తెచ్చుకుని మరీ బిగించుకునే టక్సీడో, పుట్టినప్పుడు క్యాజువలే. తోకల కోటు పెద్దలు దాన్ని చూసి ముక్కు విరిచే ఉంటారు. ఈ లెక్కన ఇంకో నూటయాభై ఏళ్ళకు పొట్టిలాగుకు కూడా పట్టాభిషేకం జరుగుతుంది. అప్పటి వ్యాఖ్యాత నన్ను క్షమించాలి.

అంతదాకా నా మతం ఇది. మా బల్లకు వడ్డించినతను మంగళూరు పిల్లవాడు. మూడో రాత్రికే మేం శాకాహారులమని, ఆవిడకు కారం తగలందే ముద్ద దిగదని కనిపెట్టి, మెనూలో లేని పప్పు వంటవాళ్ళ చేత చేయించి తెచ్చాడు. అతను చొక్కా మెడ దాకా బొత్తాలు బిగించి, పైన కోటు వేసుకుని, రెండు బ్యాచులకు వడ్డిస్తాడు. అతని ఎదుట బనీనుతో కూర్చుని చెయ్యి చాచడం నాకు బాగుండలేదు. నియమం సంగతి దేవుడెరుగు, నేను ప్యాంటు వేసుకున్నది అతని కోసం.

అనుక్త విషయాలు

మూలం చెప్పనివే అసలు అవస్థలు. మొదటిది చలి. బయట కరీబియన్ ఎండ మాడుస్తుంటుంది, భోజనశాలలో ఏసీ వణికిస్తుంది. సాహిత్య సభల్లో కప్పిన శాలువలు మా ఇంట్లో బీరువా నిండా ఉన్నాయి. వాటికి లోకంలో ఒక ప్రయోజనం ఉందని మొదటిసారి అక్కడ రుజువైంది. రెండు తెచ్చుకున్నాను. ఒకటి ఆవిడ కప్పుకుంది, ఇంకోటి పక్క బల్ల ముసలమ్మగారు అడిగి కప్పుకున్నారు.

రెండోది ముడత. ఓడకు నిప్పంటే ప్రాణభయం. అందుకని చాలా ఓడల్లో సొంత ఇస్త్రీపెట్టె గదిలోకి రానివ్వరు. నాది ఎక్కేటప్పుడే స్కానింగులో పట్టుబడింది. చీటీ కట్టి ఉంచుకుని దిగే రోజు ఇచ్చారు. కొన్ని ఓడల్లో అందరికీ కలిపి ఇస్త్రీ గది ఉంటుంది, మా ఓడలో లేదు. ఆవిడ తెచ్చిన మంగళగిరి నూలు చీర పెట్టెలోంచి అప్పడంలా నలిగి వచ్చింది. స్నానాల గదిలో వేడినీళ్ళు వదిలి, ఆ ఆవిరిలో చీర వేలాడదీస్తే సగం దారికి వచ్చింది. ఓడ ప్రయాణానికి సింథటిక్ చీరే మేలని ఆవిడ తీర్పు, నేత చీరల పక్షపాతినైన నేను బాధతోనే నమోదు చేస్తున్నాను. 2022 జూన్‌లో ఎంప్రెస్ అనే ఓడ విశాఖపట్నం వచ్చింది గనుక ఈ ముక్క మనవాళ్ళకూ పనికొస్తుంది.

మూడోది పెట్టెల రాకపోకలు. మొదటి రాత్రి మామూలుగా ఫార్మల్ పెట్టరు. మర్యాద కొద్దీ కాదు, రేవులో ఇచ్చిన పెట్టెలు గదికి చేరేసరికి ఒక్కోసారి భోజనాల వేళ దాటిపోతుంది. చివరి రాత్రీ పెట్టరు. ఆ రాత్రి పెట్టె సర్ది, చీటీ కట్టి, తలుపు బయట పెట్టేయాలి. అవి తెల్లారేలోగా కిందికి పోతాయి, మళ్ళీ కనబడేది ఒడ్డున షెడ్డులోనే. ఫార్మల్ రాత్రి ఎక్కువగా ఓడ ఏ రేవుకూ ఆగని రోజున వస్తుంది, ముస్తాబుకు తీరిక ఉంటుందని. ఇంత శాస్త్రం వెనక ఉన్నది సామాన్లు మోసే కుర్రాళ్ళ టైంటేబులు.

తాత్పర్యం

ఓడలో రాత్రి భోజనానికి వెళ్ళే పెద్దమనిషి ప్యాంటు, కాలరున్న చొక్కా, వేళ్ళు కప్పే చెప్పులు వేసుకుని వెళ్ళాలి. రెండు ప్యాంట్లు, నాలుగు చొక్కాలు వారానికి సరిపోతాయి. నేను తీసుకెళ్ళినవి తొమ్మిది ప్యాంట్లు.

ఆ తొమ్మిదీ చివరి రాత్రి భద్రంగా మడతపెట్టి, పెట్టెలో సర్ది, తాళం వేసి, పదకొండు కాకముందే తలుపు బయట పెట్టి పడుకున్నాను. తెల్లారి లేచి చూసుకుంటే నాకు మిగిలింది ఒంటి మీది పొట్టిలాగు, చేతుల్లేని బనీను, మంచం కింద హవాయి చెప్పులు. ఆవిడ మిగిలిన శాలువా ఇచ్చింది. విందుకు పనికిరావని పద్యంలో పెట్టిన ఆ మూడింటితోనే, పైన సన్మానం శాలువా కప్పుకుని, పాస్‌పోర్టు పట్టుకుని ఇమిగ్రేషన్ వరసలో నిలబడ్డాను. ఆఫీసరు నా మొహం చూశాడు, పాస్‌పోర్టు చూశాడు, పొమ్మన్నాడు. అమెరికా దేశంలోకి రానిచ్చారు.

పెట్టె బయట పెట్టేముందు మీరు మాత్రం ఒక ప్యాంటు తీసి కుర్చీ మీద వేసుకోండి.