అదిగో పులి, ఇదిగో నిధి

సిడ్నీలో లైకార్ట్ ఓవల్ అని ఓ మైదానం ఉంది. రగ్బీ లీగ్ జట్టు బాల్‌మెయిన్ టైగర్స్‌కి 1934 నుంచీ అదే పుట్టిల్లు. ఆ పులులు తర్వాత పొరుగు జట్టుతో వియ్యమంది వెస్ట్స్ టైగర్స్ అయ్యాయి. అభిమానులు ఈ మైదానాన్ని ప్రపంచ ఎనిమిదో వింత అంటారు. ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గదులు చూసినవాళ్లెవరూ కాదనరు.

2022 జులై చివర్లో ఇక్కడ స్కూలు పిల్లల మ్యాచ్ రోజున జనం ఆనుకున్న రెయిలింగ్ ఊడిపోయింది. కుర్రాళ్లు ఒకరి మీద ఒకరు కింద పడ్డారు, కొందరికి దెబ్బలు తగిలాయి. ఇక బాగుచేస్తారులే అనుకుంటుండగా ఆగస్టు వచ్చింది. శివారు స్టేడియాలకు ఇస్తామన్న సొమ్ము వరదల వల్ల ఇవ్వలేమని అప్పటి రాష్ట్ర ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటివారు) పెరొటే తేల్చేశారు. వరద బాధితులే ముందు, కాదన్న పాపం మనకొద్దు. అయితే అదే నెలలో 828 మిలియన్ డాలర్లతో కట్టిన కొత్త సిడ్నీ ఫుట్‌బాల్ స్టేడియం తలుపులు తెరిచారు. వరద నీళ్లకు శివారు దారి ఒక్కటే తెలుసు కాబోలు!

ఇస్తామన్న సొమ్ము ఆగేసరికి రగ్బీ లీగ్ పెద్దాయన పీటర్ వ్లాండిస్ అలకపాన్పు ఎక్కారు. గ్రాండ్ ఫైనల్‌ని క్వీన్స్‌లాండ్‌కి పట్టుకుపోతానన్నారు. బతిమాలే మామగారు దొరకలేదో ఏమో, ఫైనల్ సిడ్నీలోనే జరిగింది.

ఆ తర్వాత లైకార్ట్ మరమ్మతుల్లో కదలిక వచ్చింది. కేంద్రం 20 మిలియన్లు, రాష్ట్రం 10, మైదానం సొంతదారైన ఇన్నర్ వెస్ట్ కౌన్సిల్ 10. మూడు ప్రభుత్వాలు జేబులు దులిపితే వచ్చింది 40. అంటే ఆ కొత్త స్టేడియం ఖర్చులో ఇరవయ్యో వంతు కూడా నిండలేదు. ప్రకటన వేదిక మీద నవ్వులకు మాత్రం లోటు రాలేదు.

అభిమానుల కోరిక పెద్దదేం కాదు. మరుగుదొడ్లు బాగుచేయండి, ఆడపిల్లల జట్లకు సరైన గదులు కట్టండి, పాత టైగర్స్ ఆటగాడు వేన్ పియర్స్ పేరున్న గడ్డి గట్టు జోలికి మాత్రం రాకండి. ఆదివారం మధ్యాహ్నం ఆ గట్టు మీద కాళ్లు చాపుకుని, ఒక చేత్తో వేడి మీట్ పై, ఇంకో చేత్తో బీరు పట్టుకుని రిఫరీని తిట్టే సుఖం మెత్తటి కుర్చీలో రాదు. ఆ మాటకు నా ఓటు కూడా.

ఇక టైగర్స్ సంగతి. 2022, 2023, 2024... వరసగా మూడేళ్లూ పట్టికలో అట్టడుగునే నిలిచారు. దాని మరమ్మతుకు ఏ ప్రభుత్వమూ ఇంకా నిధులు ప్రకటించలేదు.