మూడడుగులంటే ఎన్ని గజాలు?

నిద్రపోయే ముందు పిల్లలకు పురాణ కథలు చెప్పమంటారు పెద్దలు. చెప్పి చూస్తే తెలుస్తుంది! హైదరాబాద్‌లో ఓ నానమ్మ వామనావతారం అందుకుంది. మూడడుగుల నేల అడిగాడనగానే యూకేజీ మనవడు దుప్పట్లోంచి తల బయటపెట్టి, "గజాల్లో ఎంత?" అన్నాడు. ప్లాటు క్రమబద్ధీకరణ కోసం 2020లో వెయ్యి రూపాయలు కట్టి పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ దరఖాస్తు గురించి వాళ్ల నాన్న రోజూ అన్నం దగ్గర గొణుగుతుంటాడు లెండి.

బలి దానం ధారపోయబోతుంటే శుక్రాచార్యుడు కమండలం కొమ్ములో దూరి నీళ్లకు అడ్డుపడ్డాడనీ, వామనుడు దర్భతో పొడిస్తే కన్ను పోయిందనీ చెప్పిందావిడ. వాడు కాసేపు ఆలోచించి, "ఏదో ఒకటి చేతిలో పెడితే తప్పుకునేవాడుగా నానమ్మా, పొడవడమెందుకు?" అన్నాడు. పక్కగదిలో నాన్న దగ్గు.

మర్నాడు రామాయణం. మూలిక గుర్తుపట్టలేక హనుమంతుడు కొండనే పెకలించుకొచ్చాడంటే, డాక్టరు చీటీలో రాత అర్థమై ఉండదని వాడే తేల్చేశాడు. అక్కడిదాకా బాగానే నడిచింది. కుంభకర్ణుడు ఆరు నెలలకోసారి నిద్ర లేచేవాడంటే మాత్రం ససేమిరా ఒప్పుకోలేదు.

"కాదు నానమ్మా, అయిదేళ్లకోసారి. మొన్న మనింటికొచ్చి దండం కూడా పెట్టాడు!"