కందిరీగ మీద కేసు

న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున, ఆ నది పేరే పెట్టుకున్న చిన్న ఊరు ఒకటుంది. 1802లో ఆ ఊళ్లో రెండు పత్రికలు ఒకదాన్నొకటి కుట్టుకుంటూ ఉండేవి. ఒకదాని పేరు ‘ది బీ’, అంటే తేనెటీగ. దాని సంపాదకుడు చార్లెస్ హోల్ట్, అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ పక్షం మనిషి. రెండోది ‘ది వాస్ప్’, కందిరీగ. దాన్ని నడిపే హారీ క్రాస్వెల్‌కు పాతికేళ్లు కూడా నిండలేదు. జెఫర్సన్‌కు బద్ధవిరోధులైన ఫెడరలిస్టుల వైపు వాడు. తేనెటీగ ఊళ్లోకి వస్తోందని తెలిసే కందిరీగ పుట్టింది. క్రాస్వెల్ సొంతపేరు దాచుకుని రాబర్ట్ రస్టికోట్ అనే మారుపేరుతో రాసేవాడు.

ముందు హోల్ట్ సంగతి చెప్పాలి. అతను అప్పటికే జైలు చూసి వచ్చినవాడు. కనెక్టికట్‌లోని న్యూ లండన్‌లో పత్రిక నడుపుతున్న రోజుల్లో, కొత్తగా పెంచుతున్న సైన్యాన్నీ దాన్ని నడిపిస్తున్న అలెగ్జాండర్ హామిల్టన్‌నూ దుయ్యబడుతూ వచ్చిన ఒక ఉత్తరం అచ్చువేశాడు. 1800లో 200 డాలర్ల జరిమానా, జైలుశిక్ష పడ్డాయి. అందుకు వాడిన చట్టం పేరు సెడిషన్ చట్టం. మన మాటలో రాజద్రోహ చట్టం.

అమెరికాలో ఆ చట్టం పేరెత్తితే ఇప్పటికీ తలదించుకుంటారు. రాజ్యాంగానికి మొదటి సవరణ 1791లో వచ్చింది. వాక్ స్వాతంత్ర్యానికీ పత్రికల స్వేచ్ఛకూ అడ్డం వచ్చే చట్టాలేవీ కాంగ్రెస్ చేయకూడదని అందులో ఉంది. ఆ సిరా ఆరి ఏడేళ్లు తిరక్కుండానే, 1798 జూలై 14న, అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ సెడిషన్ చట్టం మీద సంతకం పెట్టాడు. సముద్రం మీద ఫ్రాన్స్‌తో తగాదా ముదురుతోంది, యుద్ధం వస్తుందన్న భయం ఊరూరా ఉంది. ఆ భయం అండగా ఫెడరలిస్టులు, ప్రభుత్వం మీదా అధ్యక్షుడి మీదా కాంగ్రెస్ మీదా అబద్ధపు, దురుద్దేశపు రాతలు రాస్తే రెండేళ్ల దాకా జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా అన్నారు. రక్షణ పొందేవాళ్ల జాబితాలో ఉపాధ్యక్షుడు మాత్రం లేడు. అప్పటి ఉపాధ్యక్షుడు ప్రతిపక్ష నాయకుడు జెఫర్సన్. ఆయన్ని ఎవరేమన్నా ఫర్వాలేదన్నమాట. చట్టం గడువు 1801 మార్చి 3, అంటే ఆడమ్స్ పదవీకాలం చివరి రోజు. తర్వాత వచ్చేవాడి చేతికి ఈ కత్తి దొరక్కుండా ముందే లెక్క వేసుకున్నారు.

మొదట దొరికినవాడు మాథ్యూ లయన్. ఐర్లాండ్ నుంచి వచ్చి కూలికి కట్టుబడి బతికి, పైకొచ్చి, వెర్మాంట్ నుంచి కాంగ్రెస్ సభ్యుడయ్యాడు. ఆడమ్స్‌కు ఆడంబరం మీదా పొగడ్తల మీదా మోజు ఎక్కువని ఒక పత్రికకు ఉత్తరం రాశాడు. ఉత్తరం రాసింది చట్టం రాకముందు, అచ్చయింది వచ్చాక. 1,000 డాలర్ల జరిమానా, నాలుగు నెలల జైలు. వర్జెన్స్ అనే ఊళ్లో తనను పెట్టిన గదిని అతనే వర్ణించాడు: పదహారు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు. ఒక మూల మరుగుదొడ్డి, అందులోంచి ఆగస్టు నెల ఫిలడెల్ఫియా రేవులాంటి కంపు. ఆ గదిలో ఉండగానే వెర్మాంట్ జనం అతన్ని మళ్లీ కాంగ్రెస్‌కు ఎన్నుకున్నారు. 1801 ఫిబ్రవరిలో అధ్యక్ష ఎన్నిక జెఫర్సన్‌కూ ఆరన్ బర్‌కూ సమానమై ప్రతినిధుల సభకు వచ్చినప్పుడు, ముప్ఫై అయిదు సార్లు ఓటు వేసినా తేలలేదు. ముప్ఫై ఆరోసారి వెర్మాంట్‌కు చెందిన ఫెడరలిస్టు సభ్యుడు పక్కకు తప్పుకోగా, ఆ రాష్ట్రం ఓటును జెఫర్సన్‌కు వేసింది లయనే. ఆడమ్స్ జైల్లో పెట్టించిన మనిషి ఆడమ్స్ ప్రత్యర్థికి గద్దె దగ్గర చేశాడు.

ఈ ఘట్టం ఎన్నిసార్లు చదివినా నాకు గుండె నిండుతుంది. కథ ఇక్కడితో ఆగితే బాగుండేది.

రిపబ్లికన్లు అధికారంలోకి వచ్చారు. ఇప్పటి రిపబ్లికన్లు కాదు, అప్పట్లో జెఫర్సన్ పార్టీకి ఉన్న పేరది. సెడిషన్ చట్టం గడువు తీరి పోయింది. దాని కింద శిక్షపడ్డ వాళ్లందరినీ జెఫర్సన్ క్షమించాడు. లయన్ కట్టిన జరిమానాను 1840లో వడ్డీతో సహా అతని వారసులకు తిరిగి ఇచ్చారు. లయన్ అప్పటికి చనిపోయి పద్దెనిమిదేళ్లు. ఆ చట్టాన్ని సుప్రీంకోర్టు ఎన్నడూ పరీక్షించలేదు. కానీ 1964లో న్యూయార్క్ టైమ్స్ మీద సల్లివన్ వేసిన పరువునష్టం కేసులో న్యాయమూర్తి బ్రెనన్ ఆ పాత చట్టాన్ని గుర్తుచేసి, కోర్టు కొట్టేయకపోయినా చరిత్ర దాన్ని కొట్టేసిందన్న అర్థంలో రాశాడు. తిరిగిచ్చిన ఆ జరిమానాలనే అందుకు ఆధారంగా చూపించాడు.

జెఫర్సన్ క్షమించిన వాళ్లలో జేమ్స్ కాలెండర్ ఒకడు. స్కాట్లాండ్‌లో ప్రభుత్వాన్ని తిట్టి, పట్టుకుంటారని పారిపోయి వచ్చినవాడు. కలం పదును, నోరు చేదు, ఎప్పుడూ డబ్బుకు కటకట. హామిల్టన్‌కు మరియా రేనాల్డ్స్ అనే వివాహితతో ఉన్న సంబంధాన్ని 1797లో బయటపెట్టింది అతనే. హామిల్టన్ తన తప్పు తానే అచ్చువేసి ఒప్పుకోవలసి వచ్చింది, రాజకీయంగా మళ్లీ పూర్తిగా కోలుకోలేదు. 1800లో కాలెండర్ ఆడమ్స్‌ను చెడతిడుతూ ఒక పుస్తకం వేశాడు. అది తయారవుతున్నప్పుడే జెఫర్సన్ అచ్చుప్రతులు చూశాడు, మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు, డబ్బూ పంపాడు. రిచ్‌మండ్‌లో న్యాయమూర్తి శామ్యూల్ చేజ్ ఆ పుస్తకం మీద విచారణ జరిపాడు. కాలెండర్ తరఫున సాక్ష్యం చెప్పడానికి జాన్ టేలర్ అనే పెద్దమనిషి వస్తే చేజ్ నోరు విప్పనివ్వలేదు. తొమ్మిది నెలల జైలు, 200 డాలర్ల జరిమానా.

కాలెండర్ బయటికి వచ్చి, తాను పడ్డ కష్టానికి బదులుగా రిచ్‌మండ్ పోస్ట్‌మాస్టర్ ఉద్యోగం ఇమ్మన్నాడు. జెఫర్సన్ ఇవ్వలేదు. 50 డాలర్లు పంపాడు. కాలెండర్‌కు ఒళ్లు మండింది. ‘రిచ్‌మండ్ రికార్డర్’ పత్రికలో చేరి, తనకు జెఫర్సన్ డబ్బులిచ్చి రాయించాడని ఉత్తరాలతో సహా బయటపెట్టాడు. 1802 సెప్టెంబరులో, జెఫర్సన్‌కు ఆయన బానిస శాలీ హెమింగ్స్ ద్వారా పిల్లలున్నారని కూడా రాశాడు.

హడ్సన్‌లోని కందిరీగ ఆ మొదటి సంగతిని పట్టుకుంది. వాషింగ్టన్‌ను దేశద్రోహి అనీ దొంగ అనీ రాయడానికీ, ఆడమ్స్‌ను నానా మాటలూ అనడానికీ కాలెండర్‌కు జెఫర్సన్ డబ్బులిచ్చాడని క్రాస్వెల్ 1802 సెప్టెంబరులో వేశాడు. 1803 జనవరిలో అతని మీద నేరారోపణ వచ్చింది. ఆరోపణ చేసింది న్యూయార్క్ రాష్ట్రం. రాష్ట్ర అటార్నీ జనరల్ అంబ్రోస్ స్పెన్సర్, జెఫర్సన్ పార్టీ మనిషి. విచారణ జరిపిన ప్రధాన న్యాయమూర్తి మోర్గన్ లూయిస్ కూడా ఆ పార్టీ వాడే. వాళ్లు చేతిలోకి తీసుకున్నది ఇంగ్లండు నుంచి వచ్చిన పాత న్యాయసంప్రదాయం.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1803 ఫిబ్రవరి 19న, జెఫర్సన్ పెన్సిల్వేనియా గవర్నర్ మెకీన్‌కు ఒక ఉత్తరం రాశాడు. పత్రికలు బొత్తిగా నమ్మదగనివైపోయాయి, బాగా పేరుమోసిన ఒకరిద్దరి మీద రాష్ట్రాలు కేసులు పెడితే మిగతావి దారికి వస్తాయి అన్నది దాని సారం. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని కూడా రాశాడు. అయిదేళ్ల క్రితం సెడిషన్ చట్టం రాజ్యాంగ విరుద్ధమని కెంటకీ తీర్మానాలను రహస్యంగా రాసిన చేయే ఇదీ రాసింది. జెఫర్సన్ మీద నాకున్న గౌరవం పెద్దది కాబట్టే ఈ ఉత్తరం నన్ను ఇంతగా బాధిస్తుంది. ప్రత్యర్థి నోరు నొక్కినప్పుడు స్వేచ్ఛ గుర్తొచ్చినవాడికి, తన మీద రాసినప్పుడు మాత్రం అది గుర్తు రాలేదు.

1803 జూలైలో క్లావరాక్ అనే ఊరి కోర్టుహాలులో విచారణ జరిగింది. క్రాస్వెల్ లాయర్లు అడిగింది ఒక్కటే. మా మనిషి రాసింది నిజం, అది నిరూపిస్తాం, కాలెండర్‌ను వర్జీనియా నుంచి సాక్షిగా రప్పిస్తాం, అందాకా వాయిదా ఇవ్వండి. లూయిస్ ఒప్పుకోలేదు. రాసింది నిజమా అబద్ధమా అన్నదానితో ఈ కోర్టుకు పని లేదన్నాడు. అచ్చువేసింది ఇతనేనా, ఆ రాత ఎవరి గురించి, ఈ రెండే జ్యూరీ తేల్చాలి. నిజం చెప్పడం కూడా నేరమే కావచ్చు. జ్యూరీ రాత్రంతా కూర్చుని తెల్లారాక దోషి అంది.

ఆ వారంలోనే కాలెండర్ రిచ్‌మండ్‌లో జేమ్స్ నదిలో, మూడడుగుల లోతు నీళ్లలో శవమై తేలాడు. బాగా తాగి ఉన్నాడన్నారు. వాయిదా ఇచ్చినా ఇక సాక్షి లేడు.

కొత్త విచారణ కోసం అప్పీలు 1804 ఫిబ్రవరిలో ఆల్బనీలో రాష్ట్ర సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. క్రాస్వెల్ కోసం ఫీజు తీసుకోకుండా నిలబడ్డ లాయరు అలెగ్జాండర్ హామిల్టన్. తన పరువును బజారుకీడ్చిన కాలెండర్ మాటల్లో నిజం ఉందని నిరూపించే హక్కు కోసం వాదించాడు. రెండు రోజుల్లో ఆరు గంటలు మాట్లాడాడు. చట్టసభ సభ్యులు తమ పని మానుకుని వచ్చి కోర్టుహాలు నింపేశారు. సదుద్దేశంతో, న్యాయమైన ప్రయోజనం కోసం నిజాన్ని అచ్చువేసే హక్కే పత్రికా స్వేచ్ఛ అని ఆయన వాదన. తీర్పు చెప్పేది నలుగురు. జేమ్స్ కెంట్‌తో కలిపి ఇద్దరు ఇటు, లూయిస్‌తో కలిపి ఇద్దరు అటు. సమానమైంది కాబట్టి అప్పీలు ఓడిపోయింది. క్రాస్వెల్‌కు శిక్ష మాత్రం ఎన్నడూ వేయలేదు. ఆ జూలైలో హామిల్టన్‌ను బర్ తుపాకీతో కాల్చాడు. ఆ మర్నాడు ఆయన చనిపోయాడు. 1805లో న్యూయార్క్ చట్టసభ ఆయన వాదించిన మాటనే చట్టంగా చేసింది.

ఆల్బనీలో హామిల్టన్ తాను అడుగుతున్నది కొత్త సంగతి కాదని చెబుతూ, ఒక చట్టాన్ని నజీరుగా చూపించాడు. నిందితుడు తాను రాసింది నిజమని కోర్టులో నిరూపించుకోవచ్చు, నిరూపిస్తే అదే అతనికి రక్ష, చట్టమేమిటో విషయమేమిటో రెండూ తేల్చే అధికారం జ్యూరీదే. జాతీయ చట్టసభ అచ్చులో పెట్టి, అధ్యక్షుడు సంతకం చేసిన మాటలవి. ఆచరణలో న్యాయమూర్తులు అభిప్రాయాలకు కూడా రుజువులు అడిగి, చేజ్‌లాంటివాళ్లు సాక్షుల నోళ్లు మూయించి, ఆ మాటలు ఎవరికీ అక్కరకు రాకుండా చేశారు. అయినా చట్టంలో అవి ఉన్నాయి.

ఆ చట్టం 1798 జూలై 14 నాటి సెడిషన్ చట్టం. ఆ మాటలున్నది దాని మూడో సెక్షన్‌లో. చార్లెస్ హోల్ట్‌ను జైల్లో పెట్టినవాళ్లు, తాను వేసింది నిజమని చెప్పుకునే హక్కును అతనికి కాగితం మీదైనా ఇచ్చారు. హోల్ట్‌ను క్షమించినవాళ్ల పార్టీ హారీ క్రాస్వెల్‌కు ఆ హక్కు లేదంది.