మనిషి పోవచ్చు, తుపాకీ పోరాదు

అంతర్జాతీయ న్యాయశాస్త్రం చదివించాలని పిల్లల్ని నెదర్లాండ్స్ పంపి లక్షలు తగలేస్తున్న తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఆ డబ్బులో వందో వంతు పెట్టి సూరత్‌కి రైలు టికెట్టు కొనండి. ఉధనాలో దిగి డిండోలి ఎటని అడగండి. హేగ్‌లో ఉన్నది కోర్టు మాత్రమే. కేసులు చాలావరకు ఈ చుట్టుపక్కలే పుట్టాయి.

డిండోలి అంటే గూగుల్ మ్యాపులో చూసుకునేంత పెద్ద పేరేమీ కాదు. సూరత్‌లో బట్ట నేసే చేతులు నిద్రపోయే పేటల్లో ఇదొకటి. ఒకే వీధిలో మరాఠీ, ఒడియా, భోజ్‌పురి, మన తెలంగాణ తెలుగు వినిపిస్తాయి. మా మామ ఇక్కడే ఉంటాడు. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. పన్నెండు గంటల డ్యూటీ దిగి, అన్నం తిని, సెల్‌ఫోనులో ప్రపంచాన్ని తనిఖీ చేస్తాడు. తర్వాత నన్ను పట్టుకుంటాడు. ఆయన ప్రశ్నలకు ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి కూడా జవాబివ్వలేడు. నేను కాలమ్ రాసేవాణ్ని కనక ఇవ్వగలను.

"అల్లుడా, గా పుతిన్‌ను పట్టుకొమ్మని కోర్టు వారెంటిచ్చిందంట గద. మరి పట్టుకుంటలేరేంది?"

"అది అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు. దానికి పోలీసుల్లేరు మామా. సభ్యులుగా ఉన్న దేశాలే పట్టివ్వాలి."

"గసోంటి దేశానికి ఆయన పోనే లేదా?"

పోయాడు. 2023 మార్చిలో వారెంటు వచ్చింది. 2024 సెప్టెంబర్‌లో, సభ్యదేశమైన మంగోలియాకి వెళ్లి గౌరవ వందనం పుచ్చుకుని క్షేమంగా ఇల్లు చేరాడు. నెతన్యాహు మీద 2024 నవంబర్‌లో వారెంటు వస్తే, ఆయన మరుసటి ఏప్రిల్‌లో హంగరీ వెళ్లాడు. హంగరీ పట్టివ్వకపోగా అసలు ఆ కోర్టు సభ్యత్వమే మాకొద్దని ప్రకటించింది. మామ ఆశ్చర్యపోలేదు. కుల సంఘంలో జరిమానా కట్టమంటే "నేను సంఘంలనే లేను పో" అనేవాళ్లను ఆయన చిన్నప్పటి నుంచీ చూస్తున్నాడు.

చట్టాన్ని తమకు కావలసినట్టు తిప్పుకునే ఈ విద్యకు సూరత్‌లో నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఉంది. అప్పట్లో అరేబియా సముద్రం తమ సొంతమని పోర్చుగీసువాళ్లు అనుకునేవారు. ఓడ కదలాలంటే వాళ్ల దగ్గర 'కర్తాజ్' అనే చీటీ కొనాల్సిందే. 1613లో సాక్షాత్తు జహంగీరు చక్రవర్తి తల్లి ఓడ 'రహీమీ'ని, చీటీ ఉండగానే, సూరత్ దగ్గర పట్టుకుపోయారు. చీటీ లేనివాణ్ని దోచుకుంటే చట్టం, ఉన్నవాణ్ని దోచుకుంటే విదేశాంగ విధానం.

డచ్చివాళ్ల దారి ఇంకా నాజూకైనది. 1603లో సింగపూర్ దగ్గర ఒక పోర్చుగీసు ఓడను కొల్లగొట్టారు. దాన్ని కొల్ల అనకుండా ఇంకేదైనా అనడానికి హ్యూగో గ్రోషియస్ అనే కుర్ర లాయరును పెట్టుకున్నారు. సముద్రం ఎవడబ్బ సొత్తూ కాదు, వ్యాపారం అందరి హక్కు అని అతను రాశాడు. 1609లో రచయిత పేరు లేకుండా అచ్చయిన ఆ చిన్న పుస్తకాన్ని లా విద్యార్థులు ఇవాళ్టికీ భక్తిగా చదువుతారు. తమాషా ఏమిటంటే, కాస్త కాలం గడిచేసరికి మసాలా దినుసుల దీవులు డచ్చివాళ్ల గుప్పిట్లోకి వచ్చాయి. మేమూ కొనుక్కుంటామని ఇంగ్లీషువాళ్లు అడిగారు. 1613లో లండన్ చర్చలకు ఇదే గ్రోషియస్ వెళ్లి, మా గుత్తాధిపత్యం న్యాయమేనని వాదించాడు. ఇంగ్లీషువాళ్లు అతని పుస్తకంలో మాటలే అతని ముందు పెట్టారు. ఆయన్ని అంతర్జాతీయ న్యాయ పితామహుడని ఊరికే అనరు. వాదిగా ఒక మాట, ప్రతివాదిగా ఇంకో మాట అనే సంప్రదాయానికి ఆయనే ఆద్యుడు.

సముద్రపు దొంగల కథ కూడా చెప్పుకోవాలి కానీ క్లుప్తంగా. 1695లో హెన్రీ ఎవరీ అనే ఇంగ్లీషు దొంగ సూరత్‌కి తిరిగొస్తున్న ఔరంగజేబు ఓడ 'గంజ్-ఇ-సవాయి'ని దోచాడు. సూరత్‌లో ఇంగ్లీషు కంపెనీవాళ్లను మొగలు అధికారులు గదుల్లో పెట్టి తాళం వేశారు. మరుసటి ఏడాది లండన్‌లో అతని అనుచరులను విచారిస్తే జ్యూరీ నిర్దోషులంది! కంపెనీ వ్యాపారం కొంప మునిగేలా ఉండటంతో, కొద్ది రోజులకే వాళ్లమీద ఇంకో నేరం మోపి, ఇంకో జ్యూరీని పెట్టి, ఐదుగురిని ఉరితీశారు. ఎవరీ మాత్రం ఎవరికీ దొరకలేదు.

ఇక అసలు కేసు. సూరత్‌కి వంద కిలోమీటర్ల దూరంలో వాపి. వాపి పక్కన దాద్రా, దాని వెనక నగర్ హవేలీ. 1779లో పుణె పీష్వా పోర్చుగీసువాళ్లతో సంధి చేసుకుని, ఏటా పన్నెండు వేల రూపాయల రాబడి వచ్చే ఊళ్లు ఇస్తానన్నాడు. ఊళ్లే ఇచ్చాడా, వాటి మీద శిస్తు మాత్రమే ఇచ్చాడా? అప్పట్లో ఎవరికీ పట్టలేదు. అది తేల్చడానికి నూట ఎనభై ఏళ్లు, పదిహేనుమంది జడ్జీలు కావలసివచ్చారు. శిస్తు మాత్రమే ఇచ్చాడని తేల్చారు. కానీ తర్వాత వచ్చిన ఇంగ్లీషువాళ్లు ఊళ్లు పోర్చుగీసువాళ్లవే అన్నట్టు నడుచుకున్నారు కాబట్టి అవి వాళ్లవే అని కూడా తేల్చారు. అంటే మనం ఇవ్వనిది మన తరఫున ఇంకొకడు ఇచ్చేశాడన్నమాట.

1954 జులై, ఆగస్టుల్లో గోవా విమోచన వాలంటీర్లు ముందు దాద్రాను, తర్వాత నగర్ హవేలీ ముఖ్యపట్టణం సిల్వాసాను పట్టుకున్నారు. సముద్రం ఒడ్డున డామన్‌లో ఉన్న పోర్చుగీసు బలగాలు అక్కడికి చేరాలంటే మధ్యలో మన నేల దాటాలి. మన ప్రభుత్వం దాటనివ్వలేదు. మేమేమీ చెయ్యలేదు, చేసింది అక్కడి జనం, మేం దారి మూశామంతే అంది. పోర్చుగల్‌కి ఒళ్లు మండింది. 1955 డిసెంబర్ 14న ఐక్యరాజ్యసమితిలో చేరింది. 19న హేగ్‌లోనే ఉన్న ఇంకో కోర్టు, దేశాల తగవులు తీర్చే అంతర్జాతీయ న్యాయస్థానం, అధికారాన్ని ఒప్పుకుంది. 22న మన మీద కేసు పడేసింది. గోవాను నాలుగు వందల ఏళ్లకు పైగా ఏ కోర్టునూ అడక్కుండా ఏలినవాళ్లకు, వారం తిరిగేసరికి న్యాయం మీద అంత ప్రేమ పుట్టుకొచ్చింది.

మన తరఫున అటార్నీ జనరల్ ఎం.సి.సెతల్వాడ్ వెళ్లారు. మన జడ్జిగా ఎం.సి.ఛాగ్లా కూర్చున్నారు. 1960 ఏప్రిల్ 12న తీర్పు. దాన్ని మామకు ఇలా చెప్పాను.

"పోర్చుగీసు మామూలు మనుషులకు, సివిల్ అధికారులకు, సాధారణ సరుకులకు దారి హక్కు ఉందన్నారు మామా. పదకొండుమంది ఔనన్నారు, నలుగురు కాదన్నారు."

"గట్లనా!"

"సైన్యానికి, సాయుధ పోలీసులకు, తుపాకులకు లేదన్నారు. ఎనిమిది, ఏడు."

"ఒక్కని తేడానేనా?"

"ఒక్కడే. సరే, ఉన్న హక్కును మనవాళ్లు తొక్కేశారా అంటే, లేదు, తొక్కలేదన్నారు. తొమ్మిది, ఆరు."

"గట్లయితె ఎవలు గెలిసినట్టు?"

ఇద్దరూ గెలిచారు. పోర్చుగల్‌కి హక్కు దక్కింది, మనకు భూమి దక్కింది. ఇంతకంటే అందరినీ సంతోషపెట్టే తీర్పు మా సంఘం పెద్దలు కూడా ఎన్నడూ చెప్పలేదు.

భూమి మాత్రం వెంటనే మనది కాలేదు, అది ఇంకో కథ. ఏడేళ్లపాటు 'వరిష్ఠ పంచాయతీ' దాన్ని ఒక స్వతంత్ర ప్రాంతంలా ఏలింది. 1961లో భారత్‌లో కలపాలంటే ఒప్పందం మీద రెండువైపులా ప్రభుత్వాధినేతలు సంతకం చెయ్యాలి. అటువైపు ప్రధానమంత్రి లేడు. దానికేం భాగ్యం, కె.జి.బద్లానీ అనే ఐఏఎస్ అధికారిని ఒక్క రోజుకు ప్రధానిని చేశారు. ఆయన నెహ్రూతో సమాన హోదాలో సంతకం పెట్టారు. మర్నాటి నుంచి మళ్లీ అధికారే. బదిలీల మీద బెంగపెట్టుకునే మన ఐఏఎస్‌లకు ఇంతకంటే గొప్ప పోస్టింగు ఉంటుందా?

తీర్పు వచ్చిన పందొమ్మిది రోజులకు గుజరాత్ రాష్ట్రం పుట్టింది, పుడుతూనే మద్యనిషేధంతో. డామన్, సిల్వాసా ఉన్నది కేంద్రపాలిత ప్రాంతంలో, అక్కడ నిషేధం లేదు. దాంతో ఆ దారి హక్కు కేసు ఇప్పటికీ ప్రతి ఆదివారం విచారణకు వస్తూనే ఉంటుంది. వెళ్లేటప్పుడు మనిషికి సంపూర్ణ హక్కు. తిరిగొచ్చేటప్పుడు చెక్‌పోస్టు దగ్గర పోలీసు డిక్కీ తెరిపించి 'సాధారణ సరుకులు' అన్న మాటకు తనదైన భాష్యం చెబుతాడు. అక్కడ మెజారిటీ, మైనారిటీ ఉండవు. ఒక్కడే జడ్జి.

"పోర్చుగీసోల్ల ముచ్చట సరే. మనోల్లది నిజాం రాజ్యం గద. మన మీద కేసుల్లేవా?" అన్నాడు మామ కొంచెం చిన్నబుచ్చుకుని.

లేకేం! 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం భారత్ మీద భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. మండలి పారిస్‌లో తీరిగ్గా సెప్టెంబర్ 16న కూర్చుంది. పోలీసు చర్య 13నే మొదలైంది. 17న నిజాం లొంగిపోయాడు. తర్వాత వారంలోనే ఆయన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని కబురంపాడు. ఫిర్యాది లేడు, ఫిర్యాదూ లేదు. 'హైదరాబాద్ ప్రశ్న' మాత్రం మండలి జాబితాలో దశాబ్దాల పాటు అలాగే ఉండిపోయింది. మన తాలూకాఫీసు ఫైళ్లను ఆడిపోసుకునేవాళ్లు న్యూయార్క్ వెళ్లి చూసి రావాలి.

డబ్బు సంగతి ఇంకా రంజుగా ఉంటుంది. లొంగిపోయిన గందరగోళంలోనే, సెప్టెంబర్ 20న, లండన్ బ్యాంకులో ఉన్న హైదరాబాద్ సొమ్ము 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాలోకి మారింది. రాజ్యం కూలుతున్నా తొమ్మిది షిల్లింగుల లెక్క తప్పలేదు, గమనించండి. నా డబ్బు నాకిమ్మని నిజాం దావా వేశాడు. సార్వభౌమ దేశాన్ని ఇంకో దేశపు కోర్టుకు ఈడ్వరాదని 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ కేసు ఆపేసింది. ప్రభుత్వాలు వ్యాపారం చేస్తే వ్యాపారుల్లాగే కోర్టుకు రావాలని లార్డ్ డెన్నింగ్ విడిగా రాసిన అభిప్రాయం మాత్రం ప్రపంచంలో లా కాలేజీలన్నిటికీ పాఠమైంది. డబ్బు బ్యాంకులో పెరిగింది, వారసులు ఇళ్లలో పెరిగారు. 2013లో పాకిస్తానే తొందరపడి దావా వేసింది. దాంతో దాని రక్షణ కవచం అదే విప్పుకున్నట్టయింది. 2019 అక్టోబర్ 2న లండన్ హైకోర్టు, అప్పటికి మూడున్నర కోట్ల పౌండ్లయిన ఆ సొమ్ము భారత్‌దీ నిజాం వారసులదీ అని తేల్చింది.

"అండ్ల మా తాత కట్టిన పన్ను గూడ ఉంటది గద?"

"ఉంటుంది మామా. కానీ పన్ను కట్టినవాడు అంతర్జాతీయ న్యాయంలో పక్షం కాడు."

ఆయన కాసేపు నన్ను చూశాడు. ఆ వాక్యం రాసింది నేనే అన్నట్టుగా.

పక్షం కాగలిగిన మన దేశమేం చేసిందో కూడా చెప్పాలి, లేకపోతే పోర్చుగల్ నవ్వుతుంది. 1999 ఆగస్టులో కచ్ దగ్గర పాకిస్తాన్ నౌకాదళ విమానాన్ని మనవాళ్లు కూల్చారు. పాకిస్తాన్ హేగ్ వెళ్లింది. అప్పుడు మన జడ్జిగా కూర్చున్నది మన తెలుగువాడే, జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి. మనం వినిపించిన వాదన: కామన్వెల్త్ దేశాలు మా మీద కేసు వెయ్యకూడదని మేం ముందే రాసిపెట్టుకున్నాం. 2000 జూన్‌లో కోర్టు సరేనంది. కలిసి ఆటలాడుకునే దేశాల మధ్య న్యాయం ఎందుకని కాబోలు. తర్వాత మన కుల్‌భూషణ్ జాదవ్‌ను గూఢచారి అని పాకిస్తాన్ ఉరితీస్తానంటే, అదే కోర్టుకు మనం పరిగెత్తాం. హరీష్ సాల్వే ఒక్క రూపాయి ఫీజుకు వాదించారు. 2019 జులైలో 15–1తో గెలిచాం. టీవీల్లో బాణసంచా. ఆ సెప్టెంబర్‌లోనే భారత్ తన పాత అంగీకార ప్రకటనను మార్చి కొత్తది దాఖలు చేసింది. అందులో ఏయే విషయాల్లో మమ్మల్ని ఈ కోర్టుకు లాగకూడదో చాంతాడంత చిట్టా ఉంది. గ్రోషియస్ ఉంటే మన విదేశాంగ శాఖలో సలహాదారు ఉద్యోగం ఖాయం.

ఇక సూరత్ బాధ. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అందులో సగం రష్యా చమురు కొన్నందుకు శిక్ష. కొన్నది చమురు కంపెనీలు. దెబ్బ తగిలింది వజ్రాలు సానబట్టే రత్నకళాకారుడికి, బట్టల మిల్లుకి. వజ్రాలవాళ్లకు ఇది రెండో దెబ్బ. రష్యా గనుల ముడి వజ్రం ఎక్కడ సానబట్టినా మేం కొనమని 2024లోనే జీ7 దేశాలు ఆంక్ష పెట్టాయి. యుద్ధం చేసింది రష్యా, రాయి తీసింది రష్యా, దినకూలీ పోయింది సూరత్‌లో.

"దీనికన్న కేసెయ్యొచ్చునా లేదా?" అన్నాడు మామ.

వెయ్యొచ్చు. జెనీవాలో ప్రపంచ వాణిజ్య సంస్థ ఉంది. కింది బెంచి తీర్పిస్తుంది, ఓడినవాడు పై బెంచికి అప్పీలు చేసుకోవచ్చు. అయితే పై బెంచికి సభ్యుల నియామకాన్ని అమెరికా వరసగా అడ్డుకోవడంతో 2019 డిసెంబర్ నుంచి అక్కడ కోరం లేదు. 2020 నవంబర్‌తో ఉన్న ఒక్క సభ్యురాలి పదవీకాలమూ అయిపోయింది. అప్పీలు చేస్తే వినేవాళ్లు లేరు, వినేదాకా కింది తీర్పు అమలు కాదు. కాబట్టి ఓడిన ప్రతివాడికీ ఆ ఖాళీ కుర్చీలే శ్రీరామరక్ష.

ఇది అన్యాయమని అమెరికాను తిట్టబోయే పాఠకులు ఒక్క నిమిషం ఆగాలి. 2021 డిసెంబర్‌లో చక్కెర రాయితీల కేసులో బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాలా మన మీద గెలిచాయి. మనం అప్పీలు చేశాం, ఆ ఖాళీ కుర్చీలకే.