హోహు వనయాత్రా పద్యమునకు టీకా తాత్పర్యములు

ఆటవెలది:
వాన వచ్చునన్న వలదని యనకుడి
ఆరు గంటకెల్ల నందు రండి
మరువవలదు సుమ్ము మనతోడఁ బులిహోర
హోహు వనముఁ జూడ నోర్పు వలయు

అవతారిక: సియాటిల్ చెంత రెడ్‌మండ్, బెల్‌వ్యూలలో సాఫ్ట్‌వేర్ కొలువులు చేయు తెలుగువారు కొందరు నవంబరు మాసమున ఒలింపిక్ నేషనల్ పార్కులోని హోహ్ అడవికి పోదలచిరి. శుక్రవారము రాత్రి ఫోనులో మబ్బు బొమ్మ చూచి సగముమంది జంకగా, బావగారొకరు వాట్సాప్‌లో వదలిన పద్యమిది.

టీక: వాన వచ్చునన్న = వాన పడునని ఫోను చెప్పినను, వలదని = ప్రయాణము మానుదమని, అనకుడి = పలుకకుడు; ఆరు గంటకెల్లన్ = తెల్లవారుజామున ఆరింటికే, అందున్ = ఆ తావునకు, రండి = విచ్చేయుడు; మనతోడన్ = మన వెంట, పులిహోర = చింతపండు పులిహోరను, మరువవలదు సుమ్ము = తెచ్చుట మరువకుడు సుమా; హోహు వనమున్ = హోహ్ అడవిని, చూడన్ = చూచుటకు, ఓర్పు = సహనము, వలయున్ = కావలెను.

తాత్పర్యము: బయలుదేరుదము.

విశేషములు: "వాన వచ్చునన్న" – ఇచట పూర్వపక్షి యనును: వానలో చూచుటకేమున్నది? ఎండ కాసిన వారము పోరాదా? అది యవివేకము. పసిఫిక్ సముద్రపు తేమగాలులు ఒలింపిక్ కొండల నెక్కలేక ఎక్కుచు, చల్లబడి, మోసుకొచ్చిన నీటినంతయు పడమటి లోయలలో దింపును. హోహ్‌లో ఏటికి ఇంచుమించు 140 అంగుళములు పడును. అనగా హైదరాబాదు వానకు నాలుగింతలపైన. కొండల కావలి వైపు సీక్విమ్ ఊరికి మిగులునది 16 అంగుళములే. ఎండ కావలసినవారు అచటికే పోవచ్చును, కాదనువారు లేరు. హోహ్‌లో సిట్కా స్ప్రూసులు, హెమ్లాకులు మిన్నంటుటయు, పెద్దాకుల మేపుల్ కొమ్మలనుండి నాచు జడలు జడలుగా వ్రేలాడుటయు ఈ వాన చలువయే. నాచునకు నేలలో వేరు లేదు. పైన పడినదే త్రాగును. జూలై, ఆగస్టులలో వాన పలుచనై నాచు వాడి వన్నె తగ్గును. సెలవులని జనము విరగబడి వచ్చునది సరిగా అప్పుడే! కాన హోహ్‌లో వానను విఘ్నమనుట, కచేరికి పోయి పాట వినబడుచున్నదని విసుగుకొనుట వంటిది.

కవి గొడుగు ప్రసక్తి తేలేదు. అది మరపు కాదు, స్థలజ్ఞానము. అచటివారు టోపీ గల రెయిన్ జాకెట్టు తొడుగుదురు. మనవారు మాత్రము జీన్సు ప్యాంటుతో దిగుదురు. నూలుబట్ట తడిసెనా ఆరదు, ఒంటి వేడిని లాగివేయును. ఈ సంగతి పద్యములో ఉండదగినదే కాని, నాలుగు పాదములలో ఎన్నని ఇముడును?

"అందు రండి" – ఎందు? మూలములో లేదు. బావగారి అపార్టుమెంటు క్రింది పార్కింగని కొందరు, ఇండియన్ స్టోరు ముందని కొందరు. ఈ సందిగ్ధతచే ఆరు గంటలు ఏడున్నరయగుట లోకానుభవము.

"పులిహోర" – పెరుగన్నమను పాఠము కొన్ని ఫోనులలో కలదు, గణభంగమగుటచే త్యాజ్యము. పార్కును కోసికొని ఆవలికి పోవు రోడ్డు లేదు, 101వ నంబరు హైవే చుట్టి రావలెను. హోహ్ అడవిలో హోటలు దొరకదు. "మనతోడ" అనుటచే పులిహోర మనకే గాని ఎల్క్ దుప్పులకు కాదని ధ్వని. వానికి మేత వేయుట నిషిద్ధము. 50 గజముల ఎడము పాటింపవలెను. ఈ దుప్పులను కాచుటకే థియొడోర్ రూజ్‌వెల్ట్ 1909లో ఇచట కొంత నేలను నేషనల్ మాన్యుమెంటు చేసెను. 1938లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కాలమున అది నేషనల్ పార్కయ్యెను. ఇరువురు తండ్రీకొడుకులని భ్రమపడువారు గలరు. దూరపు దాయాదులు మాత్రమే.

"ఓర్పు" – హకారమునకు అచ్చుతో యతి చెల్లునని లాక్షణికుల సమ్మతి. హోకు ఓ కుదిరినది. పద్యమునకు ప్రాణమీ పదమే. పోవుటకు నాలుగు గంటలు. వేసవిలో గేటువద్ద ఒక కారు బయటికి వచ్చినగాని ఒక కారు లోనికి పోదు. 2024 డిసెంబరు తుపానుకు అప్పర్ హోహ్ రోడ్డు కొట్టుకొనిపోయి 2025 మే వరకు కార్లకు దారియే లేకపోయెను. ఇంతచేసి, అందరును నడచు హాల్ ఆఫ్ మోసెస్ బాట మైలునకు కొంచెము తక్కువ! ఇండియానుండి వచ్చిన అత్తగారు "ఇంతేనా బాబూ?" అందురు. వారికి నేలకొరిగిన మాను నొకదానిని చూపవలెను. దాని వీపుపై మొలకెత్తిన మొక్కలు వందల యేండ్లకు మహావృక్షములై వరుస కట్టి నిలుచును. మాను చివికిపోయినను వరుస చెడదు. వానలో నిలిచి ఇది చూచువారు మైళ్ళు లెక్కింపరు.

ఇక తిరుగు ప్రయాణమున చీకటిలో, వానలో కారు నడుపువారెవరన్నది మూలమున లేదు, అధ్యాహారము చేసికొనవలెను. పులిహోర తెచ్చినవారు కారని మాత్రము సర్వసమ్మతము.